చెవుల్లేని కారుకు అద్దాలు

అద్దాలక్కకు కోపం ముక్కు మీదే ఉంటుందని షెడ్ల వీధిలో అందరికీ తెలుసు. కారు ముందద్దం పగిలినా, పక్క అద్దం విరిగినా, తలుపు అద్దం సగంలో ఇరుక్కుపోయినా ఆమె దగ్గరికే రావాలి. వచ్చినవాళ్ళు నాలుగు చీవాట్లు తినకుండా వెళ్ళరు. అద్దం మీద పక్షి రెట్ట ఎండిపోయి ఉంటే చీవాట్లు. పగులు వచ్చిన రోజే రాకుండా అది ఈ మూల నుంచి ఆ మూలకి పాకిందాకా ఆగితే ఇంకా చీవాట్లు. అయినా ఆమె వేసిన అద్దం వానకు కారదు, గతుకుల్లో గడగడలాడదు. అందుకని తిట్లు తిని మరీ వచ్చేవారు.

పని నేర్పింది తండ్రి. ఆయనకు కొడుకులు లేక కాదు. ఉన్న ఇద్దరికీ అద్దం చేతికిస్తే వణుకు, కూతురికి వణుకంటే ఏమిటో తెలీదు. చిన్నతనంలోనే గీత గీసి టక్కున విరిచేది, వేలు తెగితే నోట్లో పెట్టుకుని రెండో చేత్తో పని కానిచ్చేది. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. పక్క అద్దం బిగించేటప్పుడు బండి నడిపేవాణ్ణి సీట్లో కూర్చోబెట్టాలి, వెనక చక్రం పక్కన ఇంకో మనిషిని నిలబెట్టాలి, "కనబడుతున్నాడా?" అని అడగాలి. కూర్చున్నవాడు నోరు తెరిచి "కనబడుతున్నాడు" అనాలి. తల ఊపితే కుదరదు. ఆ మాట చెవిన పడ్డాకే ఆఖరి స్క్రూ బిగించాలి. అడ్డమైన తొందరలో ఉన్నవాళ్ళు విసుక్కునేవారు. విసుక్కుంటే ఇంకాస్త ఆలస్యం చేసేవాడాయన. తండ్రి పోయినా కూతురు ఆ పద్ధతి వదల్లేదు.

మొగుడు కరెంటు పనివాడు. షెడ్డులో ట్యూబులైటు మాటిమాటికీ ఆరిపోతుంటే బాగుచేయడానికి వచ్చేవాడు. పూర్తిగా బాగుచేస్తే మళ్ళీ రావడానికి సాకు ఉండదని ప్రతిసారీ ఏదో లోటు మిగిల్చి వెళ్ళేవాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆమె ఆ లైటు సంగతి దెప్పుతూనే ఉంటుంది. నోట్లో నాలుక లేని మనిషని వీధిలో వాళ్ళు అనుకుంటారు గానీ, నాలుక ఉంది. దాన్ని వేళాకోళానికి తప్ప వాడడు, అంతే. నిచ్చెన చిట్టచివరి మెట్టు మీద నిలబడి రెండు చేతులా తీగలు కలిపే మనిషి. అలాంటి మనిషికి ఇప్పుడు ఎడమ కాలు మోకాలి కింద లేదు.

ఆ కాలు ఒక కారు పొట్టన పెట్టుకుంది. పట్టపగలు, పొడి రోడ్డు. ఇతను స్కూటరు మీద పనికి పోతున్నాడు. పక్కన వెళ్తున్న కారు ఉన్నట్టుండి ఇతని వైపు తిరిగింది. నడిపేవాడు చూసుకోలేదు. చూసుకోవడానికి దానికి పక్క అద్దాలే లేవు. పాత కారు డొక్కు కొని, పైనుంచి కిందదాకా తన ఇష్టప్రకారం మార్చుకుంటున్న బండి అది. అద్దాలుంటే అందం చెడుతుందని పీకించేసి, తలుపుల మీది బెజ్జాలు లప్పంతో పూడ్పించి, నున్నగా రంగు కొట్టించాడు. కిందపడ్డ మనిషి "బాబూ, కాస్త లేపు" అని చెయ్యి చాపాడు. కారతను దిగాడు. ముందు తన బండికి గీత ఏమన్నా పడిందేమో చూసుకున్నాడు, తర్వాత ఇతని ముఖం చూశాడు, ఎక్కి వెళ్ళిపోయాడు.

పోలీసు కేసయింది. విచారణకు అతను రాలేదు. అతని మేనమామ వచ్చాడు, ప్లీడరు వచ్చాడు, ఫోటోలు వచ్చాయి. ఫోటోల్లో కారుకు రెండు వైపులా అద్దాలున్నాయి. అబ్బాయి అద్దం చూసుకునే తిప్పాడనీ, స్కూటరు అద్దంలో కనబడలేదనీ, మీదికి వచ్చి పడ్డది స్కూటరేననీ చెప్పారు. ఆ ఫోటో చూడగానే అద్దాలక్క అగ్గి మీద గుగ్గిలమైంది. అవి బంకతో అతికించిన అద్దాలు, ఫోటో కోసం అతికించినవి, కావాలంటే కారు తెప్పించి గిల్లి చూడండని అరిచింది. అమ్మా, కూర్చోండన్నారు. కూర్చుంది. ఆ తర్వాత ఎవరి దారిన వాళ్ళు చేతులు దులుపుకుని వెళ్ళారు. "కనబడలేదు" అన్న ఆ ఒక్క మాట మాత్రం ఆమె చెవిలో జోరీగలా ఉండిపోయింది.

మొగుడు "పోనీవే" అన్నాడు. ఆమెకు పోనివ్వడం చేతకాదు. అతను స్నానాల గదిలో గోడ పట్టుకుని గెంతుతుంటే ఆ చప్పుడుకు ఇవతల ఆమె పళ్ళు నూరేది. ఆ కారువాడి కాలు విరగాలని శాపనార్థాలు పెట్టి, అది చాలదనిపించి మళ్ళీ మొదటికి వచ్చేది. ఆఖరికి తనకేం కావాలో తేల్చుకుంది. కనబడలేదని చెప్పించిన ఆ నోటితోనే కనబడ్డాడని అనిపించాలి. అనిపించుకుని ఏం చేసుకుంటావు, కాలు మొలుస్తుందా అని మొగుడు నవ్వేవాడు. మొలవకపోతే పోయింది, నాకు వినాలనుంది అనేది.

అలా ఉండగా ఒకరోజు పొద్దున ఆ కారు తనంతట తానే షెడ్డు ముందుకొచ్చి ఆగింది.

ఎరుపు రంగు పోయి బూడిద రంగు వచ్చింది కాబట్టి ఆమె మొదట పోల్చుకోలేదు. నల్ల కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఒక కుర్రవాడు దిగాడు. పక్క అద్దాలు లేని బండికి తనిఖీలో ముద్ర పడదన్నారట. ఏదో ఖరీదైన కారు నుంచి విప్పిన జత సంపాదించి తెచ్చాడు, చేప రెక్కల్లా సన్నగా, ముచ్చటగా ఉన్నాయవి. ఏ షెడ్డువాడూ ముట్టుకోలేదట. బిగించాల్సిన చోట తలుపులో ఇనుము కన్నా లప్పమే ఎక్కువ, పట్టు దొరకదన్నారట. అందరూ అద్దాలక్క దగ్గరికి వెళ్ళమన్నారు.

ఇలాంటి వెధవ పని ఎవడు చేశాడని తిట్టడానికి నోరు తెరుస్తూ ఆమె తలుపు మూల అరచెయ్యి వేసింది. వేలి కణుపుతో కొట్టి చూసింది. ఇనుము ఖంగుమంది, రెండు వేళ్ళ అవతల మొద్దుగా పలికింది. అటు వెళ్ళి రెండో తలుపూ కొట్టింది. అక్కడా అంతే. వెనక్కి నడిచి డ్రైవరు వైపు చక్రం పైనున్న వంపు తడిమింది. రంగు కింద సన్నగా, పొడుగ్గా ఒక పల్లం చేతికి తగిలింది. స్కూటరు హ్యాండిలు గీరుకున్న చోటు. ఆమె నోరు మూతపడింది.

కుర్రవాడు తన ధోరణిలో తను చెప్పుకుపోతున్నాడు. ఈ ప్రాజెక్టు మొదటి రోజు నుంచీ తనదేననీ, స్టీరింగు ఇంకొకణ్ణి ముట్టుకోనివ్వననీ గొప్పలు పోయాడు.

"కుదురుతుందా అక్కా?" అన్నాడు చివరికి.

"కుదురుతుంది," అంది ఆమె. "ఎల్లుండి సాయంత్రం రా. నువ్వే రావాలి. నువ్వు కూర్చుంటేనే బిగించేది."

ఒక్క చీవాటు కూడా లేకుండా మనిషిని పంపించింది. పక్క షెడ్డు పెయింటరు అది చూసి, ఒంట్లో బాగాలేదా అక్కా అని అడిగాడు.

పని మొదలుపెట్టింది. అట్టముక్క కోసి తలుపు మూలకు కొలత తీసింది. డ్రిల్లు ఆన్ చేసి సరిగ్గా పాత బెజ్జాలున్న చోటే దించింది. లప్పం పిండిలా రాలింది, దాని వెనక అసలు బెజ్జం బయటపడింది. ఆ ఫోటో చూపించినవాళ్ళందరినీ వరసగా పిలిచి ఈ బెజ్జంలో కళ్ళు పెట్టి చూడమనాలనిపించింది ఆమెకు. తలుపు లోపల పట్టు కోసం ఇనప పలక కోసి ఆనించింది. ఇక మిగిలింది అద్దాన్ని తలుపుకు కలిపే కాలు. అది వాలుగా ఉన్న తలుపు కోసం తయారైనది, ఈ కారు తలుపేమో నిటారుగా ఉంది. మధ్యలో ఏటవాలుగా నైలాన్ ముక్క చెక్కి పెట్టకపోతే అద్దం నేల చూపులు చూస్తుంది. ఆ ముక్క చెక్కడం మొదలుపెట్టాక ఆమె చెయ్యి దానంతటదే ఇంకో దారి పట్టింది. వాలు ఒక్క వెంట్రుకంత ఎక్కువైతే చాలు. చూడ్డానికి అద్దం దివ్యంగా ఉంటుంది, కానీ ఎంత తిప్పినా పక్కనున్న మనిషి అందులోకి రాడు. ఏదో ఒకరోజు ఏ లారీనో చూసుకోకుండా పక్కకి తిప్పుతాడు. అప్పుడు తెలుస్తుంది వాడికి. ఆమె ఆ ముక్కను గరుకు కాగితంతో నున్నగా తోమింది, తోముతుంటే కడుపులో చల్లగా ఉంది.

మధ్యాహ్నం మొగుడొచ్చాడు. ఆ అద్దాల్లోని చిన్న లైట్లకు తీగలు కలపడం అతని వంతు. పెట్టుడు కాలు చాచి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు, ముక్క పెట్టి నిలబెట్టిన అద్దంలోకి చూశాడు, అటూ ఇటూ తిప్పాడు. ఇంత కాలంలో ఆమె చేతి పని తప్పడం అతను చూడలేదు. ఎవరి బండని అడిగాడు. చెప్పింది. అతను స్టీరింగు మీద రెండు చేతులూ వేశాడు.

"ఈసారి వాడికి కనబడకపోతే దెబ్బ తగిలేది వాడిక్కాదే," అన్నాడు. "నాలాంటివాడికి."

ఆమె ఆ ముక్క లాక్కుని తుక్కు డబ్బాలోకి విసిరికొట్టింది. ఇంకో ముక్క తీసి ఈసారి సరిగ్గా చెక్కింది. కోపం చల్లారిందనుకునేరు, వీసమెత్తు కూడా చల్లారలేదు. చెక్కుతూనే, ఎల్లుండి వెనక నిలబడేది మీరే అని మొగుడికి చెప్పింది. నాకెందుకే ఈ గోల అన్నాడతను, తీగ కొస పళ్ళతో ఒలుస్తూ. నిలబడతారా లేదా అని రెట్టించింది. మర్నాడంతా ఆ ఊసెత్తితే లేచి అవతలికి వెళ్ళిపోయాడు. ఈయన సంగతి ఇంతే, ఈయన ఎప్పుడో మరిచిపోయాడు, మోస్తున్నది నేనొక్కదాన్నే అని ఆమె కుతకుత ఉడికిపోయింది.

చెప్పిన సాయంత్రం కుర్రవాడు ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చాడు. అద్దాలు బండికి పుట్టుకతో వచ్చినట్టు కూర్చున్నాయని ముగ్గురూ మురిసిపోయారు. మర్నాడు పొద్దున్నే తనిఖీ, తొందరగా ఇచ్చెయ్యమన్నాడు. ఆమె అతన్ని సీట్లో కూర్చోబెట్టి, తలుపు వేసి, కిటికీ దగ్గర నిలబడింది. స్క్రూ డ్రైవరు చేతిలో ఉంది. మొగుడి జాడ లేదు. పొద్దున ఇంట్లో గడ్డం గీసుకుంటూ కూడా వస్తానని అనలేదు. ఇక చేసేది లేక పక్క షెడ్డు పెయింటర్ని కేకెయ్యబోయింది. అంతలో వీధి మలుపులో చంకకర్ర చప్పుడు వినబడింది.

పెట్టుడు కాలు ఇంట్లో వదిలేసి వచ్చాడు. ప్యాంటు ఎడమ కాలు మడిచి పిన్ను పెట్టుకున్నాడు. కాలు పోయాక పెట్టె అడుగున పెట్టేసిన కరెంటు పని చొక్కా తొడుక్కున్నాడు. నేరుగా వచ్చి డ్రైవరు వైపు వెనక చక్రం పక్కన, ఆ పల్లం ఉన్న చోట నిలబడ్డాడు.

ఆమె అద్దాన్ని కావాలనే లోపలికి తిప్పి పట్టుకుంది.

"మనిషి కనబడుతున్నాడా?"

"లేదక్కా. నా తలుపే కనబడుతోంది."

ఆమె కొద్దికొద్దిగా తిప్పింది. అద్దంలోకి ముందు చంకకర్ర వచ్చింది, తర్వాత మడిచిన ప్యాంటు, తర్వాత చొక్కా, ఆఖరికి ముఖం. ఆమె చూస్తున్నది అద్దాన్ని కాదు, సీట్లోవాణ్ణి. మొదట ఏమీ లేదు. తర్వాత ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. నెత్తి మీది కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కనబడుతున్నాడా?"

ఇది చాల్లే, బిగించెయ్యమని గొణిగాడు. తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. ఆమె తలుపుకు నడుం ఆనించి కదల్లేదు.

"విచారణకి నువ్వు రాలేదు, అందుకని నన్నెరగవు," అంది. గొంతు పెంచలేదు. "అద్దంలో కనబడలేదని కబురంపావు. అప్పుడు నీకు అద్దం లేదు. ఇప్పుడుంది. చూసి చెప్పు."

స్నేహితులకు ఏమీ తెలీదు. ఎదురుగా మనిషి నిలబడుంటే చెప్పడానికేమైందిరా, చెప్పి తెములు అని నవ్వారు. ఆ నవ్వుకు వాడు ఇంకా కుంచించుకుపోయాడు. బిగించని అద్దంతో పొద్దున తనిఖీకి పోలేడు. దిగి పారిపోదామంటే తలుపుకు ఆమె అడ్డం. అద్దంలోంచి ఆ ముఖం అటే చూస్తోంది, రెప్ప వెయ్యడం లేదు.

"కనబడుతున్నాడు," అన్నాడు, పెదవులు కదిలీ కదలనట్టు.

ఆమె ఇన్నాళ్ళూ వినాలనుకున్న మాట, ఇంత చిన్నగా ఉంటుందనుకోలేదు. అయినా మాట మాటే. స్క్రూ డ్రైవరు పైకెత్తింది.

"ఆగవే," అన్నాడు వెనకనుంచి మొగుడు.

అతని గొంతులో వేళాకోళం లేదు. అలాంటి గొంతు ఆమె ఎన్నడూ వినలేదు.

"గట్టిగా చెప్పు బాబూ. ఇక్కడికి వినబడలేదు."

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. పక్క షెడ్డు పెయింటరు చేతిలోని రంగు గన్ను ఆపేసి గుమ్మంలోకి వచ్చాడు. సీట్లోవాడు స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, అద్దంలోకి చూస్తూ, వీధిలోకి వినబడేట్టు చెప్పాడు.

అద్దాలక్క స్క్రూ బిగించింది. తిరగనని మొరాయించేదాకా బిగించింది. కుర్రవాడు తాళం చెవి కోసం తడుముకున్నాడు. మొగుడు చంకకర్ర చంకలో సర్దుకుని, కారు వెనకనుంచి మెల్లగా అటువైపు నడిచాడు.

"అప్పుడే తాళమేంటి బాబూ," అన్నాడు. "ఇటు అద్దం ఇంకా బిగించలేదు."