మనుషుల హక్కు, బాలమ్మ పొట్టేలు

కాచిగూడలో ఉదయం ఆరున్నరకు బండి ఎక్కాం. నలుగురం బయల్దేరాల్సింది, ఇద్దరమే తేలాం. మిగతా ఇద్దరికీ ముందురోజు జ్వరాలొచ్చాయి. పల్లెటూరి ప్రయాణమంటే చాలు, మా క్లబ్బులో చాలామందికి జ్వరాలొస్తాయి.

మాది హైదరాబాదులో విశ్వవిద్యాలయ విద్యార్థుల క్లబ్బు. ప్రపంచ మైత్రి క్లబ్బని పేరు. ప్రతి శనివారం ఒక హాల్లో బల్లలు వేసుకుని, ఒక్కొక్కరం ఒక్కో దేశం పేరు రాసిన అట్టముక్క ముందు పెట్టుకుని ఐక్యరాజ్యసమితి సభ నడిపేవాళ్లం. నేను నార్వే. అక్కడ ఏం పండుతుందో, జనం ఏం తింటారో నాకు తెలియదు గానీ ఆ దేశం తరఫున గంటసేపు మాట్లాడగలిగేవాణ్ణి. మా కార్యదర్శి రఘునాథ్ ఎప్పుడూ బ్రిటనే. ఎవరేం నిలదీసినా, "ఇది మా ఆంతరంగిక వ్యవహారం" అని గొంతు బరువుగా పెట్టి అనేవాడు. హాలంతా చప్పట్లు.

రాష్ట్రం ఏర్పడి రెండేళ్లయిన ఆ 1958 డిసెంబరులో, మానవ హక్కుల దినాన్ని పట్నంలో కాకుండా పల్లెలో జరపాలని క్లబ్బు తీర్మానించింది. మానవ హక్కుల ప్రకటనలోని ముప్పై అంశాలనూ తెలుగు చేసే పని నాకిచ్చారు. నాది నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్, మా బాపు వ్యవసాయం చేస్తాడు కాబట్టి నాకు పల్లె భాష వచ్చునని వాళ్ల నమ్మకం. రెండు వారాలు కూర్చుని రాశాను. 'మనుషుల హక్కులు' అని పెద్దక్షరాలతో అచ్చేయించాం. కోస్గి దగ్గర ఒక ఊరి పటేలు రఘునాథ్ వాళ్ల నాన్నకు తెలిసినవాడు. సభ ఏర్పాట్లు, భోజనం, బస తానే చూసుకుంటానని జాబు రాశాడు. ఫోటోలతో మంచి నివేదిక పంపితే వియన్నాలో జరిగే విద్యార్థి మహాసభకు రఘునాథ్‌కు పిలుపొస్తుంది. అందుకే ఆయనకు జ్వరం రాలేదు.

మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. షాద్‌నగర్‌లో చాయ్ తాగి, రేగుపండ్లు కొనుక్కున్నాం. ఎదురుగా ఒక నడివయసు మనిషి, పక్కన మూట, పార. ఎక్కడో ఆనకట్ట పనికి పోయి ఇంటికొస్తున్నాడు. మాటలు కలిశాక నా సంచిలోంచి ఒక కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను.

"గిదేం కాయితం సార్?"

"మనుషుల హక్కుల కాయితం. మీ కోసమే."

ఆయన దాన్ని వేలికొసలతో పట్టుకుని వెంటనే నాకిచ్చేశాడు. "నాకొద్దు సార్. నాకు ఊర్ల భూమి లేదు, గొడ్డు లేదు. నేనసలు ఊర్లనే ఉండ."

చదువు లేక భయపడుతున్నాడనుకున్నాను. రఘునాథ్‌కు చెబితే, "అందుకే మనం వెళ్తున్నది" అన్నాడు. తర్వాత తెలిసింది, మా ఇద్దరి కంటే ఆ మనిషికే హక్కన్న మాట బాగా అర్థమైందని.

పదిన్నర దాటాక మహబూబ్‌నగర్లో దిగాం. బస్సుల దగ్గర ఒక హోటల్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాం. ఆ దారిన పోయేవాళ్లెవరైనా అక్కడే తినండి, రొట్టె పొయ్యి మీంచి నేరుగా పళ్లెంలోకి వస్తుంది. పన్నెండుకు కోస్గి బస్సు. ఎర్రమట్టి, రాళ్లగుట్టలు, వాన కోసం ఎదురుచూసి అలసిన చేలు. రెండుంబావుకు కోస్గిలో దిగేసరికి పటేలు పంపిన ఎడ్లబండి సిద్ధంగా ఉంది. బండి తోలేవాడి పేరు సాయన్న.

"కిరాయి ఎంత సాయన్నా?" అని అడిగాను.

అతను నవ్వాడు. "కిరాయా? పటేలు పొమ్మన్నడు, వచ్చిన. నా చేన్ల కోత గట్లనే ఉన్నది."

వెట్టి రద్దయిందని పుస్తకంలో చదివి పరీక్ష రాసినవాణ్ణి, వెట్టిబండిలో కూర్చుని నాలుగు మైళ్లు హాయిగా ప్రయాణం చేశాను. సిగ్గు అప్పుడే రావాల్సింది. రాలేదు.

ఊరి పేరు ఇక్కడ రాయను. మూడున్నరకు పటేలు ఇంటికి చేరాం. ఆయన మర్యాద గల మనిషి. కుర్చీలు వేయించాడు, కాళ్లకు నీళ్లిప్పించాడు, ఇత్తడి గ్లాసుల్లో మజ్జిగ తెప్పించాడు. చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి పోతే, గోడ పక్కన గుంజకు ఒక నల్ల పొట్టేలు కట్టేసి ఉంది. ముందుకాలు గిట్టకు గుడ్డ చుట్టి ఉంది. దాని పక్కన నేల మీద ఒకావిడ కూర్చుని ఉంది, నలభై ఏళ్లుంటాయి. నన్ను చూసి లేచి, కొంగు భుజం నిండా కప్పుకుంది.

"అయ్యా, హక్కులోళ్లు మీరేనా?"

మురిసిపోయాను. మేం రాకముందే మా మాట ఊరంతా పాకిందన్నమాట!

"మేమే అమ్మా."

"యాడాదికి ఒక్కటేనా, పండుగ పండుగకు ఇయ్యాల్నా?"

"ఏమిటి?"

"పొట్టేలు."

నాకర్థం కాలేదు. ఆవిడే ఓపికగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. పేరు బాలమ్మ, గొర్లకాపరుల ఇల్లు. "దసరకు పటేలు హక్కు, ఒక గొర్రె. ఉగాదికి పట్వారి హక్కు. మునుపు దొరది ఇంకో హక్కు ఉండె, అది పోయిందన్నరు. నిన్న డప్పు కొట్టిన్రు. మనుషుల హక్కులోళ్లు పట్నం కెల్లి వస్తున్నరు, అందరు రావాలె అని. పొద్దుగాల పటేలు మనిషి వచ్చి, గీ కొత్త హక్కు నీ వంతు అని దీన్ని పట్టుకొచ్చిండు."

ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో కూడా తెలిసింది. మా హుజూర్‌నగర్లోనూ హక్కంటే అదే! పటేలు మనిషి గడపలోకొచ్చి, "హక్కు" అని ఒక్క మాట అంటే మా అవ్వ కోడిని పట్టిచ్చేది. అది చూస్తూ పెరిగినవాణ్ణి, పట్నంలో నాలుగేళ్లు చదివి, ప్రపంచంలోని మనుషులందరికీ పుట్టుకతో వచ్చేదానికి, మా అవ్వ గడపలో నిలబడి వసూలు చేసుకుపోయేదాని పేరే పెట్టి, పెద్దక్షరాలతో అచ్చేయించాను.

"అమ్మా, మేము తీసుకునేటోళ్లం కాదు. గీ హక్కు మీది. మీకే."

"మాది మాకే ఇస్తే గదేం హక్కు అయ్యా?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. తర్వాత గొంతు తగ్గించింది. "నా మొగడు మందను తోలుకోని కృష్ణ ఒడ్డుకు పోయిండు. దీని గిట్టకు పుండయితే ఇంటికాడ ఇడిసిపోయిండు. మందకంతకు గిదొక్కటే పొట్టేలు. గిది కోసిన్రంటే వచ్చేయేటికి మాకు గొర్రెపిల్లల్లేవు. మంద వచ్చినంక ఏదన్న గొర్రెను మార్చి ఇస్త, జర చెప్పయ్యా."

రఘునాథ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన అద్దం ముందు పాపిడి తీసుకుంటున్నాడు. అంతా విని, దువ్వెన జేబులో పెట్టుకుని, "మనం అతిథులం. ఇది వాళ్ల ఊరి ఆంతరంగిక వ్యవహారం. భోజనమయ్యాక పటేలుగారితో మెల్లగా మాట్లాడదాం" అన్నాడు.

"భోజనమయ్యాక పొట్టేలెక్కడుంటుందయ్యా!" అని అరిచాను. బయటి నుంచి పిలుపొచ్చింది, సభకు వేళయిందని.

ఐదింటికి బడి ముందు సభ. ఊరంతా నేల మీద, పటేలు, మేమిద్దరం కుర్చీల్లో. రఘునాథ్ వియన్నా గురించి, ప్రపంచశాంతి గురించి అరగంట మాట్లాడాడు. నా వంతొచ్చింది. ఎవరి ఆస్తినీ అన్యాయంగా లాక్కోరాదన్న పదిహేడో అంశం చదివాను. చదివి కాగితం మడిచేశాను. "గీ మాట నిజమైతే, పటేలు దొడ్ల కట్టేసిన బాలమ్మ పొట్టేలు గిప్పుడే గిక్కడికి రావాలె" అన్నాను.

పటేలు నా వైపు చూశాడు, రఘునాథ్ మెడలోని కెమెరా వైపు చూశాడు, చిరునవ్వు నవ్వాడు. "గంతే కదా! తీసుకురా పో" అని తన మనిషిని పంపాడు. పొట్టేలు కుంటుకుంటూ వచ్చింది. పటేలు లేచి స్వయంగా పగ్గం బాలమ్మ చేతికిచ్చాడు. "జర ఆగండి, ఇటు చూడండి" అని రఘునాథ్ ఫోటో తీశాడు. తర్వాత నేను చప్పట్లు కొట్టాను. ఊళ్లో ఇంకెవరూ కొట్టలేదు. ముందు వరసలో ఒక ముసలాయన మాత్రం, "ఫోటువ అయినంక మల్ల కట్టేస్తరా?" అని పక్కవాణ్ణి అడిగాడు.

ఆ పూట పప్పు, జొన్నరొట్టె పెట్టారు. అంత రుచిగా నేనెన్నడూ తినలేదు. నా మీద నాకే గర్వంగా ఉంది. బడి వరండాలో పడుకుని ఒళ్లు మరిచి నిద్రపోయాను.

పొద్దున ఆరున్నరకు సాయన్న బండి కట్టాడు. ఊరి చివర మలుపులో బాలమ్మ నిలబడి ఉంది, చేతిలో పొట్టేలు పగ్గం. బండి ఆపించి దిగాను. దండం పెట్టడానికి వచ్చిందనుకున్నాను. నా బుద్ధి అలా ఉంది.

"తీస్కపో అయ్యా" అని పగ్గం నా చేతికివ్వబోయింది.

"ఎందుకమ్మా? నిన్ననే ఇచ్చేసిన్రు కదా."

"మీ ముంగట ఇచ్చిన్రు. మీరు పోతున్నరు. నీళ్లు దిగిన చెరువు శికంల, ఆ గడ్డి మీద మీ మంద కనవడొద్దని పటేలు మనిషి వచ్చి చెప్పి పోయిండు. వచ్చేనెల నా మొగడు మందను తోలుకొస్తడు. నూరు జీవాలను యాడ మేపాలె? పొట్టేలు పోతే ఒక యేడు పోతది. శికం పోతే మేమే పోతం."

"తహసీలుకు పోదాం. నేను అర్జీ రాస్త. నడువు."

"నువ్వు రాస్తవు బిడ్డా. రాసి బస్సెక్కుతవు." మొదటిసారి నన్ను అయ్యా అనడం మాని బిడ్డా అంది. "నాకు గీ సాయం చెయ్యి. నువ్వే పోయి ఆయన చేతికియ్యి. బాలమ్మ మనసుతోటే ఇచ్చిందని నీ నోటితో చెప్పు. నేను చెప్తె నమ్మరు. నీ మాటకు ఇలువున్నది, నిన్న చూసిన కదా."

"బస్సు పోతుంది" అన్నాడు రఘునాథ్ బండిలోంచి. "ఆవిడ ఇష్టప్రకారమే ఇస్తోంది కదా, ఇంకేం?"

ఆ క్షణంలో అతని చొక్కా పట్టుకుని కిందికి లాగాలనిపించింది. లాగలేదు. నువ్వు పో అన్నాను. పోయాడు. అతని కెమెరాలో ఫోటో భద్రంగా ఉంది.

పగ్గం పట్టుకుని వెనక్కి నడిచాను. బాలమ్మ నాలుగడుగులు వెనక వచ్చింది. పొట్టేలు కుంటుతుంటే ఆగి, గిట్ట గుడ్డ సరిచేసింది, మళ్లీ నడిచింది. పటేలు అరుగు మీద పళ్లపుల్లతో కూర్చుని ఉన్నాడు. ఆవిడ చెప్పమన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది. ఆయన పగ్గం అందుకుని, "చదువుకున్నోనివి, తెలివైనోనివి. మంద శికంలకు వస్తె వచ్చిందిలే" అన్నాడు. బాలమ్మ నాకు దండం పెట్టింది. అప్పుడు పెట్టింది.

కోస్గి దాకా నడిచి, పదకొండున్నర బస్సు పట్టుకున్నాను. మహబూబ్‌నగర్లో ఒక సర్కారు దఫ్తరుకు పోయి అర్జీ రాశాను. ఫిర్యాదుదారు పేరు లేదేమని అడిగాడు గుమస్తా. పేరు రాస్తే శికం పోతుంది. పేరు లేకుంటే అర్జీ చెల్లదు. కాగితం చించి అక్కడే పడేశాను. నా సంచిలోని అచ్చు కాగితాలు మాత్రం చించలేదు, ఆ పాపానికి సాక్ష్యంగా ఇప్పటికీ ఉన్నాయి.

నాలుగున్నర బండిలో కూర్చున్నాక కోపం చల్లారుతుందేమో అనుకున్నాను. చల్లారలేదు, ఇది రాస్తున్నప్పుడూ చల్లారలేదు. పటేలు మీద కోపం సులువు. మా క్లబ్బు మీద కోపం ఇంకా సులువు. ఆకలైతే తిండి, కాళ్లకు నీళ్లు, ఎక్కడానికి బండి ఎవరి ఇంటి నుంచి వచ్చాయని అడగకుండా మంచి మాటలు మోసుకుపోయేవాడు, ఎంత మంచివాడైనా ఆ ఊరికి ఇంకో బరువే. నా తర్వాత ఆ దారిన పోయేవారికి నేను చెప్పగలిగింది ఇదే: మీ రొట్టె మీరు కట్టుకుపోండి, నడిచి పోండి, ఊళ్లో వాళ్లు ఏ మాటను దేనికి వాడుతున్నారో విన్న తర్వాతే నోరు తెరవండి. నేను ముప్పై అంశాలు తెలుగు చేశాను గానీ తెలుగు వినలేదు.

జడ్చర్లలో గొంగడి కప్పుకున్న ఒక ముసలాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. చుట్ట వెలిగించుకుని, "యాడికెల్లి వస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు.

"కోస్గి దిక్కు నుంచి తాతా."

"ఏం పని మీద?"

"ఒకామె పొట్టేలును పటేలుకు అప్పజెప్పి వస్తున్న."

ఆయన నా ప్యాంటు చూశాడు, కళ్లద్దాలు చూశాడు. అయినా వింతపడలేదు. "ఎన్నేండ్ల సంది ఉన్నవ్ ఆయన కాడ జీతం?" అని అడిగాడు.

"నిన్ననే కుదిరిన తాతా" అన్నాను.