జగిత్యాల డ్రైవ్ తెరిపించిన అక్క

అక్క పోయిందని సోమవారం పొద్దున కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. నాకు సొంత అక్క కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఉన్న మా స్కానింగ్ సెంటర్ల కంప్యూటర్లన్నీ చూసుకునేది. నాకు ఈ పని నేర్పింది ఆమే.

సిరిసిల్లలో మేం తీసే స్కాన్ బొమ్మలు జగిత్యాలలోని పెద్ద కంప్యూటర్‌లో చేరతాయి. అందులోని ఫోల్డర్, ఇంటర్నెట్ మీద తాళం వేసిన దారిలో, మా దగ్గర ఒక డ్రైవ్‌లా కనిపిస్తుంది. బొమ్మలు చూసి రిపోర్టు ఇచ్చే డాక్టర్ అక్కడే ఉంటారు. ఆ డ్రైవ్ మొరాయిస్తే అక్క కోరుట్లలో బస్సెక్కి వచ్చేది. వచ్చి నా కుర్చీ వెనకాల నిలబడేది. మౌస్ ఎప్పుడూ అందుకునేది కాదు.

"చెయ్యి నీదే ఉండాలె. నేను పోయినంక మళ్ల ఎవలు చేస్తరు?" అనేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, బైకు మీద నుంచి పడ్డ ఒకాయన్ని గంభీరావుపేట నుంచి తెచ్చారు. తలకు దెబ్బ, మాట తడబడుతోంది. స్కాన్ తీశాం. బొమ్మలు జగిత్యాలకు వెళుతూ సగంలో ఆగిపోయాయి. డ్రైవ్ మీద నొక్కితే ఆ విండో బిగుసుకుపోయింది. ఇంక కంప్యూటర్ ఆపేద్దామని చెయ్యి పెట్టాను. అదృష్టం, అక్క ఆ రోజు మా దగ్గరే ఉంది.

"ఆగు! బంద్ చేస్తే పోవాల్సిన బొమ్మలు మాయమైతయి. పాపం, ఆయన్ని మళ్ల మిషన్ల పండవెట్టాలె. ముందుగాల ఏది చెడిందో చూడు."

నెట్ వస్తోంది. జగిత్యాల కంప్యూటర్‌లోకి నేరుగా లాగిన్ అయితే అదీ పలికింది.

"అంటే అది మంచిగనే ఉన్నది. నడుమ లైను తెగి మళ్ల అచ్చింది. మన డ్రైవ్ ఇంక గా తెగిన లైన్నే పట్టుకోని కూసున్నది. దాన్ని ఇడిపిచ్చి కొత్తగ కలుపు."

బయట ఆయన భార్య ఏడుపు వినిపిస్తోంది. నేను గబగబా కీలు కొట్టసాగాను. అక్క నా భుజం మీద చెయ్యి వేసింది.

"మెల్లగ కొట్టు బిడ్డా. తప్పు కొడితే ఇంకింత లేటైతది."

విడదీసి మళ్లీ కలిపాను. ఆగిన బొమ్మలు కదిలాయి.

"పోయినయక్కా!"

"మనం అనుకుంటే కాదు. అవతల తెరిచి సూసినంక పోయినయనాలె."

డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగింది. చివరి బొమ్మ సగమే తెరుచుకుందట. దాన్ని నాచేత మళ్లీ పంపించింది. అంతా చూసి, తలలో రక్తం కడుతోందని, ఆలస్యం చేయకుండా కరీంనగర్ తీసుకుపొమ్మని చెప్పారు డాక్టర్. అక్కడ ఆపరేషన్ జరిగింది, ఆయన బతికాడు. తర్వాత భార్యతో కలిసి మా సెంటర్‌కు నడిచే వచ్చాడు.

ఆ రోజు అంబులెన్సు బయల్దేరబోతే రోడ్డు నిండా బట్టల మూటల లారీలు. లోపల అంత నెమ్మదిగా మాట్లాడిన అక్క చీర కొంగు నడుముకు చెక్కుకుని రోడ్డు మధ్యకు ఉరికింది. రెండు చేతులూ చాపి లారీకి అడ్డంగా నిలబడి, "ఆపుర్రి! పాణం మీదున్నది, పోనియ్యుర్రి!" అని అరిచింది. అంబులెన్సు వెళ్లింది. వెనకాల హారన్లు మోగుతూనే ఉన్నాయి. అది మూల మలుపు తిరిగేదాకా, మండే ఎండలో అక్క ఆ చేతులు దించలేదు.