ఆరోగ్యమైన నోరు

హిందీ మాట్లాడే సాక్చిలోని ఒక ఆసుపత్రిలో, నోటి పుండ్ల నుంచి కోసిన ముక్కలకు రంగు పట్టించడం ముసలయ్య పని. ఆ రంగు చూసి జబ్బు పాకుతుందో ఆగుతుందో డాక్టర్లు అంచనా వేస్తారు. ముసలయ్య మైక్రోస్కోపులో చూడకుండానే చెప్పేస్తాడు. అరచేతిలో ఖైనీ పొగాకు, సున్నం నలిపి, తట్టి, కింది పెదవి వెనక దాచుకున్నాకే ఆయనకు మాట పెగులుతుంది. తెలుగువాళ్లుండే బిర్సానగర్‌లో పొరుగింటి నూకమ్మ చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తుంటే ఆగి మరీ బెదిరిస్తాడు.

"ఏటే నూకమ్మా, రేపు నీ ముక్క నా సేతికొత్తాది. రంగు ముదిరిందా, మెడలోకి పాకీసినట్టే!"

"మరి నీ పెదిమ కింద ఏటున్నాది మావా?"

"ఇందల నిప్పు నేదే," అంటాడు పండితుడిలా.

మొన్న డాక్టరుగారు, రోగుల కణాలతో పోల్చడానికి ఆరోగ్యమైన నోరు ఒకటి కావాలన్నారు. అందరికంటే ముందు ముసలయ్యే పెదవి లోపల గీకించుకుని, ఆ కణాలు పూసిన గాజుపలకకు తానే మురిపెంగా రంగు వేసుకున్నాడు. డాక్టరు మైక్రోస్కోపులో చాలాసేపు చూసి, దాన్ని రోగుల ట్రేలో పెట్టారు.

"వో మేరా హై సాబ్," అన్నాడు ముసలయ్య, అది తనదని కంగారుగా.

"మాలూమ్ హై. ముహ్ ఖోలో," అని, తెలుసు నోరు తెరవమంటూ డాక్టరు టార్చి తీశారు.

ముసలయ్య నోరు తెరవలేదు. ఖైనీ అప్పుడే పెట్టుకున్నాడు.