3 గం. పాటు

మా పిన్నికి భయమే ఉద్యోగమని ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్ళం. సముద్రం ఒడ్డున మూడంతస్తుల హోటల్లో ఇరవై ఆరేళ్ళుగా ఆమె ముందు గదిలో బల్ల వెనక కూర్చుంటోంది. తాళం ఇస్తే జాగ్రత్త, తాళం పుచ్చుకుంటే జాగ్రత్త. మెట్లు తడిగా ఉన్నాయి జాగ్రత్త, కిటికీ గాలికి కొట్టుకుంటుంది జాగ్రత్త. పనివాళ్ళు ఆమెకు జాగ్రత్తమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అందులో తప్పేముంది అనేది. నేను అదే హోటల్లో దుప్పట్లు ఉతికే గదిలో పనిచేస్తాను. ఆ పని ఇప్పించింది పిన్నే. ఇప్పించిన రోజే ఇస్త్రీపెట్టె గురించి అరగంట భయపెట్టింది.

ఊరు చూడటానికి వచ్చినవాళ్ళకు ఆమె దారి చీటీలు రాసిచ్చేది. మెట్ల వీధికి ఎటు వెళ్ళాలి, వలలు అల్లేవాళ్ళ సందు ఎక్కడ, చేపల వేలం ఎన్నింటికి, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో. గది తీసుకోకుండా దారిన పోతూ అడిగినవాళ్ళకూ రాసిచ్చేది. అసలు విచిత్రమేమిటంటే, ఆ పేటల్లో ఒక్కదాన్నీ ఆమె చూసి పాతికేళ్ళు దాటింది. ఇల్లు హోటల్ వెనక సందులోనే. ఇంటి నుంచి బల్ల దగ్గరికి, బల్ల నుంచి ఇంటికి, అంతే ఆమె ఊరు.

కారణం రాళ్ళ దారి. ఊరి చివర సముద్రంలో ఒక దీవి ఉంది, దాని మీద చిన్న పేట. అక్కడికి నీళ్ళలోనే రాళ్ళు పరిచిన దారి ఉంది. సముద్రం తగ్గితే దారి బయటపడుతుంది, పెరిగితే మునిగిపోతుంది. పెరగడాన్ని మా ఊళ్ళో పోటు అంటాం, తగ్గడాన్ని పాటు అంటాం. పిన్నికి ఎనిమిదేళ్ళప్పుడు మా తాతయ్య వేళ చూసుకోకుండా ఆమెను ఆ దారిలో నడిపించుకుని వెళ్ళాడు. ఆయన మెడదాకా నీళ్ళు, ఆయన భుజం మీద పిన్ని. ఎలాగో బతికి బయటపడ్డారు. ఆ తరవాత పిన్ని సముద్రం వైపు కిటికీ తెరిచింది లేదు.

అందుకే దీవి పేట అడిగినవాళ్ళను ఆమె ఊరికే వదిలేది కాదు. రేవు ఆఫీసుకు ఫోన్ చేసి, వేళ కనుక్కుని, చీటీ మీద రాసి, చదివి వినిపించి, తిరిగి వాళ్ళ నోటితో చెప్పించేది. "ఏదీ, ఎన్నింటికి బయల్దేరతారో ఒకసారి చెప్పండి?" అనేది. గడ్డాలు నెరిసినవాళ్ళు కూడా బడిపిల్లల్లా అప్పజెప్పాల్సిందే.

ఆ వారం పన్నెండో నంబరు గదిలో ఒక డ్రాయింగు మాస్టారు దిగారు. బడి నుంచి రిటైరయ్యారు, ఎక్కడో లోపలి ఊరు, సముద్రం చూడటం అదే మొదలు. ఎడమ కాలు కాస్త ఈడుస్తారు, చేతికర్ర ఉంది. రోజుకొక పేట తిరిగి, బొమ్మలు గీసుకొచ్చి, బల్ల మీద పుస్తకం తెరిచి పిన్నికి చూపించేవారు.

"ఇదేనా మెట్ల వీధి? అమ్మో, ఇంత నిటారుగా ఉందా!" అనేది పిన్ని.

"భలేవారే, మీరు రాసిన చీటీ పట్టుకునే కదమ్మా వెళ్ళాను!" అని ఆయన నవ్వేవారు.

తన ఊరిని పరాయి మనిషి బొమ్మల్లో చూస్తూ పిన్ని ఆ మూడు రోజులూ జాగ్రత్తలు చెప్పడం కూడా తగ్గించింది.

నాలుగో రోజు ఆయన దీవి పేట అడిగారు. పిన్ని రేవుకు ఫోన్ చేసింది, వేళ పలక మీద రాసుకుంది, చీటీ మీదా రాసింది. చదివి వినిపించబోతుంటే పైనుంచి కేక వినిపించింది, గొట్టం పగిలి గదిలోకి నీళ్ళు వస్తున్నాయని. నీళ్ళన్న మాట వింటే పిన్ని ఆగుతుందా! చీటీ ఆయన చేతిలో పెట్టి, "జాగ్రత్త మాస్టారూ" అంటూ మెట్లెక్కి పరుగెత్తింది. నాకు తెలిసి ఆమె అప్పజెప్పించుకోకుండా పంపింది ఆయన్ను ఒక్కరినే.

దుప్పట్ల బుట్టతో నేను గుమ్మంలో ఎదురయ్యాను.

"తొందరేం లేదమ్మా, మూడు గంటల పాటు దారి ఉంటుందట" అన్నారాయన. అప్పుడు పదిన్నర.

ఇక్కడ నన్ను నేను తిట్టుకోవాలి. నేనూ ఈ ఊరిదాన్నే. ఆ మాట చెవిలో పడి కూడా, తడి గుడ్డల ధ్యాసలో "వెళ్ళిరండి మాస్టారూ" అన్నాను.

అరగంట తరవాత పిన్ని చేతులు తుడుచుకుంటూ కిందికి వచ్చింది. "మాస్టారు పడుకున్నారా? మూడింటిదాకా ఏం తోస్తుంది పాపం" అంది.

"ఎప్పుడో వెళ్ళారుగా. మూడు గంటల పాటు దారి ఉంటుందని నువ్వే రాశావట."

ఆమె ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. "నేను రాసింది మూడింటికి పాటు అనే!" అంది.

పలక వైపు చూశాను. "3 గం. పాటు" అని ఉంది. మేము చదివితే, మూడింటికి సముద్రం తగ్గడం మొదలవుతుంది, ఆ తరవాత వెళ్ళాలి అని. లోపలి ఊరి మనిషి చదివితే, మూడు గంటల సేపు అని. ఇరవై ఆరేళ్ళుగా ఆమె అలాగే రాస్తోంది. తొమ్మిదింటికే పోటు మొదలైంది. పన్నెండు కొట్టేసరికి ఆ దారి ఉండదు.

రేవు ఆఫీసు ఫోన్ ఎవరూ ఎత్తలేదు. పిన్ని ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే రోడ్డెక్కింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని పరుగెత్తాను.

మెట్ల వీధి దిగాక ఆమె టక్కున ఆగిపోయింది. "నీలం తలుపు దగ్గర కుడికి తిరగాలి. నీలం తలుపేదే?"

అక్కడ నీలం తలుపు లేదు. వల బాగుచేసుకుంటున్న ముసలామెను అడిగింది.

"దానికి పచ్చరంగు వేసి పదేళ్ళయింది తల్లీ. ఆ హోటల్ నుంచి వచ్చినవాళ్ళంతా ఇదే అడుగుతారు. ఎవరు రాస్తారోగాని ఆ చీటీలు, వాళ్ళని తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టాలి!"

నా చేతిలో ఆమె చెయ్యి చల్లబడింది. పచ్చ తలుపు దగ్గర తిరిగి, వలల సందు దాటి, చేపల షెడ్డులో పడ్డాం. నేలంతా ఐసు నీళ్ళు. జన్మంతా అందరికీ అడుగులు చూసుకోమని చెప్పిన మనిషి, కాళ్ళ వైపే చూడకుండా పరుగెత్తింది.

ఒడ్డుకు చేరేసరికి రాళ్ళ దారి మొదలూ కనిపిస్తోంది, చివరా కనిపిస్తోంది, మధ్యలో లేదు. ఆ లేని చోట ఒక ఎత్తైన రాతి మీద మాస్టారు మాకు వీపు పెట్టి కూర్చుని దీవిని గీస్తున్నారు. గొంతు చించుకుని అరిచాం. గాలి మా కేకలను వెనక్కే తెచ్చింది. ఒడ్డున పడవ లేదు, మనిషి లేడు.

పిన్ని నీళ్ళలోకి దిగింది.

"పిన్నీ, వద్దు!"

"చెయ్యి వదలకు, అంతే. రాళ్ళ మీదే నడు. పక్కన లోతు."

మోకాళ్ళు మునిగాయి, నడుము మునిగింది. "నాకు భయంగా ఉందే, చాలా భయంగా ఉంది" అంటూనే ఆమె ఒక్కొక్క రాయీ కాలితో తడిమి చూసుకుంటూ నడిచింది. ఆమె పళ్ళు కొట్టుకోవడం నాకు వినిపిస్తోంది. దగ్గరికి వెళ్ళి అరిస్తే ఆయన తిరిగారు. మమ్మల్ని చూసి చెయ్యెత్తి నవ్వబోయి, తన చుట్టూ చూసుకున్నారు. లేవబోతుంటే కర్ర జారి నీళ్ళలో పడింది, బొమ్మల పుస్తకం దాని వెంటే పోయింది. పిన్ని ఆయన చెయ్యి అందుకుంది. ముగ్గురం గొలుసుకట్టుగా తిరిగి నడిచాం. ఒకసారి ఆయన కాలు జారి మెడదాకా మునిగితే పిన్ని చొక్కా పట్టుకుని లాగింది.

ఒడ్డున కూలబడ్డాక ఆయన జేబులోంచి తడిసిన చీటీ తీశారు. "మూడు గంటల పాటు అని ఉంది కదమ్మా. ఇంకా గంటన్నరకు పైగానే ఉందిగా?" అన్నారు. పిన్ని తడబడుతూ విషయం చెప్పింది. ఆయన చీటీని మోకాలి మీద పరిచి మళ్ళీ చదివారు.

"అక్షరాలు ఇంత బాగుంటే, ఇంకేం అడుగుతానమ్మా? నమ్మేశాను" అన్నారు.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నానికి హోటల్ చేరాం. పిన్ని బట్టలైనా మార్చుకోకుండా తాళాల పలక ముందు నిలబడింది. మా హోటల్లో బయటికి వెళ్ళేవాళ్ళు తాళం ఇచ్చి వెళ్ళాలి, వచ్చి మళ్ళీ అడిగి తీసుకోవాలి.

"చూడు పిన్నీ, ఇన్నేళ్ళలో ఎవరూ అడగకుండా కొక్కేనికి ఉండిపోయిన తాళం ఒక్కటైనా ఉందా? అందరూ తిరిగొచ్చారు. ఇక ఊరుకో" అన్నాను.

ఆమె తలూపింది. కుర్చీలో కూర్చుని చీటీల కట్ట ముందుకు లాక్కుంది. కలం తెరిచింది, మళ్ళీ మూసింది.

"దారిన పోతూ చీటీ మాత్రం రాయించుకున్నవాళ్ళు ఉన్నారు కదే. రద్దీగా ఉంటే వాళ్ళ చేత అప్పజెప్పించేదాన్ని కాదు" అంది మెల్లగా. "వాళ్ళకి తాళం ఉండదుగా?"