తుంటి కీలు తనిఖీకి గద్వాల దాకా

నాగర్‌కర్నూల్ బస్టాండులో ఉదయం ఆరున్నరకు వనపర్తి బస్సు ఎక్కాను. చేతిలో సంచి, చంకలో మడత కుర్చీ. కుర్చీ మధ్యలో గుండ్రంగా కోయించిన రంధ్రం. కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీ బొక్కేంది సార్?"

"తుంటి కీలు మార్చిన్రు. కింద కూసోవద్దన్నరు. పొద్దున పూట అవసరం పడ్తది."

బస్సంతా విన్నది. కుర్చీకి లగేజీ టికెట్ మాత్రం కొట్టలేదు, మంచివాడు.

ఎనభైల్లో హైదరాబాద్ ఆసుపత్రిలో నా కుడి తుంటికి లోహపు కీలు వేశారు. ఇన్నేళ్ళూ బాగానే మోసింది. ఇప్పుడు కూర్చుని లేవబోతే తొడలో కత్తి దిగినట్టుంటుంది. అక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి, కీలు వదులైంది, మళ్ళీ మార్చాలన్నాడు. మీరు వేసిన తక్కిన కీళ్ళన్నీ ఎట్లా ఉన్నాయని అడిగాను.

"బాగానే ఉండుంటాయి మాస్టారూ. ఎవరూ తిరిగి రాలేదు."

నేను లెక్కల పంతుల్ని. బడికి రాని పిల్లలందరూ పాసయ్యారని ఏనాడూ రాయలేదు. అందుకే తనిఖీకి నేనే బయల్దేరాను. ఆనాడు వార్డులో నా పక్క మంచాల మీద ఉన్నవాళ్ళు ఇద్దరు: గోపాల్‌పేట రైతు కుర్మయ్య, గద్వాల నేతగాడు తిమ్మప్ప. వాళ్ళలో ఎవరైనా రెండోసారి మార్పించుకుని బాగుంటే నేనూ పోదామని. నిజం చెప్పొద్దూ, నాకు భయం.

గోపాల్‌పేటలో దిగి, చాయ్ తాగి, కుర్మయ్య పొలం వెతుక్కుంటూ పోయాను. కూలివాళ్ళ మధ్యన నేల మీద కాళ్ళు చాపుకుని పల్లికాయ తెంపుతున్నాడు. నేల మీద! డాక్టరు చూస్తే మూర్ఛపోయేవాడు.

"కాలెట్లుంది కుర్మయ్యా?"

"ఫస్ట్ క్లాస్ సార్! మీదో?"

"ఫస్ట్ క్లాస్," అన్నాను. నాకూ నోరుంది కదా.

చెట్టంత మనిషిని వచ్చి ఎదురుగా నిలబడ్డా అతను లేవలేదు. వెళ్తానన్నా లేవలేదు. "మీరు నడువుండ్రి సార్, నేనెన్క వస్త" అన్నాడు. వెనక ఎవడూ రాలేదు. ఒళ్ళు మండింది. చెప్పిన మాట విని ఇన్నేళ్ళూ కుర్చీ మోసుకు తిరిగిన నాకు నొప్పి, కింద చతికిలబడ్డవాడికి ఫస్ట్ క్లాసు. ఇదెక్కడి న్యాయం?

ఆ రాత్రి వనపర్తి లాడ్జిలో దిగాను. కీలు మార్పించుకున్నవాళ్ళు ఈ దారిన వస్తే కుర్చీ మరవకండి. గదిలో ఫ్యాను ఉంది, దోమతెర ఉంది, కూర్చునే మరుగుదొడ్డి లేదు. మేనేజరును అడిగితే, "రాజులేలిన ఊరే సార్, అయినా గా కుర్చీ ఒక్కటి రాలె" అన్నాడు.

మర్నాడు టిఫిన్ చేసి గద్వాల బస్సెక్కాను. పెబ్బేరు దాకా ప్రతి గుంతా నా తుంటిని పేరు పెట్టి పిలిచింది. "జర గట్టిగ పట్టుకోండ్రి, ముందర ఇంకా ఉన్నయి" అని పక్కాయన ధైర్యం చెప్పాడు. బీచుపల్లి వంతెన మీద గాలికి కాస్త ప్రాణం లేచొచ్చింది.

తిమ్మప్ప మగ్గం గుంత అంచున కూర్చుని, గుంతలోకి కాళ్ళు వేలాడేసి, కింద పలకలు తొక్కుతూ జరీ అంచు చీర నేస్తున్నాడు. కోడలు నాకు కుర్చీ వేసి చాయ్ ఇచ్చింది.

"కాలు ఫస్ట్ క్లాస్ సార్," అన్నాడు, అడగకముందే.

కోడలు నీళ్ళకు పోయింది. ఇతను లేస్తే ఎట్లా లేస్తాడో చూద్దామని నేను కూర్చున్నాను. పైగా ఎవరి ముందూ నేను ముందు లేవను. అందరినీ పంపించి, తలుపు దగ్గరికేసి, అప్పుడు లేస్తాను.

"బస్సు పోతది సార్."

"పోనీ, ఇంకోటుంటది. అన్నానికి లేవవా?"

"ఆకలైతలేదు."

తెగని పోగును ముడేస్తున్నాడు. నేను ఖాళీ చాయ్ గ్లాసు తాగుతున్నాను. బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తిమ్మప్ప ఫక్కుమని నవ్వాడు.

"మీకు గూడ లేచేటప్పుడేనా సార్?"

"నీకు?"

"రెండేండ్లాయె. ఇంట్ల ఎర్కైతె మగ్గం ఎక్కనియ్యరని చెప్పలె."

అప్పుడు గుర్తొచ్చాడు కుర్మయ్య, నేల మీద కాళ్ళు చాపుకుని, ఎంతకూ లేవకుండా. పాపం, వాణ్ణి దారంతా తిట్టుకుంటూ వచ్చాను!

"ముందు మీరే లేవుండ్రి సార్," అన్నాడు తిమ్మప్ప. "అమ్మా" అని అరిచి లేచాను. చెయ్యిస్తే పట్టుకుని అతనూ అరుస్తూ పైకొచ్చాడు. ఆ అరుపు ఒక మనిషి ముందు అరవడం ఎంత సుఖమో చెప్పలేను.

కుర్మయ్య సంగతి చెప్పుకుంటూ బస్టాండు దాకా ఇద్దరం కుంటుతూ వచ్చాం. బస్సు కదిలేముందు కిటికీ దగ్గర మెల్లగా అన్నాడు. "ఆపరేషన్ గూడ ముందు మీరే చేయించుకోండ్రి సార్. మీరు మంచిగ నడిస్తె నేను, కుర్మయ్య ఇద్దరం వస్తం."

తనిఖీకి పోయినవాణ్ణి పరీక్షకు కూర్చోబెట్టి పంపారు. కీళ్ళ సంగతి డాక్టరుకు ఎందుకు తెలియలేదో తిరుగు బస్సులో అర్థమైంది. తిమ్మప్ప ఇల్లు, కుర్మయ్య చేను, నా ఇల్లు, ఎక్కడ అడిగినా ఫస్ట్ క్లాసే.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. మా ఆవిడ తలుపు తీసి రోజూ అడిగినట్టే అడిగింది.

"కాలెట్లుంది?"

"ఫస్ట్..." నోటిదాకా వచ్చింది. మింగాను.

"నొస్తున్నది. మస్తు నొస్తున్నది. హైదరాబాద్ పోదాం."

ఆమె నా చంకలోని కుర్చీ తీసుకుని గోడకు ఆనించింది.

"గీ మాట చెప్పనీకె గద్వాల దాక పోవాల్నా?"