మెకానిక్ సంచిలో కాటా

మొన్నటి మామిడి సీజన్లో బంగారుపాళ్యం దగ్గర ఒక మండీలో కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. కాటా మీద కాయలు పెడితే, వైరు లేకుండానే బ్లూటూత్‌తో బరువు కంప్యూటరులో పడాలి. కానీ కరెంటు పోయి వచ్చిందంటే కంప్యూటరు కాటాను పట్టుకునేది కాదు. కాయల ట్రాక్టర్లు ఎండలో నిలిచిపోయేవి. రైతుల తిట్లన్నీ నాకే.

ఆ కాటాను బిగించిన మెకానిక్ వచ్చి కంప్యూటరు ఆపి, మళ్లీ వేసేవాడు. వెంటనే ‘కనెక్ట్ అయింది’ అని వచ్చేది. “బాగానే ఉండాది కదా మేడం, మీరే ఏదో నొక్కింటారు” అని మండీ ఓనరు ఎదుటే అనేసి పోయేవాడు. అతను గేటు దాటగానే మళ్లీ మామూలే.

ఒకరోజు స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతూ, సంచిలోంచి ఒక చిన్న కాటా తీసి బల్ల మీద పెట్టాడు. పక్కనే నిలబడ్డ ముసలి రైతు తన చేతిలోని కాయను దాని మీద పెట్టాడు. మా కంప్యూటరులో బరువు పడింది. మా పెద్ద కాటా మీద ఏమీ లేదు.

“ఇదేందప్పా, ఈడ పెడితే ఆడ పడతా ఉండాది” అన్నాడాయన.

ఆన్ కాగానే కంప్యూటరు వెతుక్కునేది మా కాటాను కాదు, మొదటిరోజు పరీక్ష కోసం మెకానిక్ కలిపిన తన సొంత కాటాను. దాన్ని ఆపకుండా సంచిలో వేసుకుని తిరుగుతున్నాడు కాబట్టి, అతను వచ్చినప్పుడు కంప్యూటరు దానికే కలిసేది, పోగానే తెగిపోయేది.

“చిన్న సెట్టింగే మేడం” అని నవ్వాడు.

“తప్పు నీదని ఓనరుకు నువ్వే చెప్పి, ఆ తర్వాత నవ్వు” అన్నాను. చెప్పేదాకా కదలనివ్వలేదు.

ఆ కోపం ఇంకా చల్లారలేదు. నీకు చేతకాదని ఎవరైనా అంటే, ముందు వాళ్ల సంచి వైపు చూస్తాను.

– సరళ, పలమనేరు