రత్నం గారి కుడి కన్ను

1978 ఏప్రిల్ 9, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. సికింద్రాబాద్‌లో ఒక ఆస్పత్రి కంటి వార్డులో నేను డ్యూటీలో ఉన్నాను. మెట్టుగూడ నుంచి రిక్షాలో ఒకాయనను తీసుకొచ్చారు. ఎడమ కంటి మీద చేతిరుమాలు, మోచేతుల దాకా గ్రీజు. పేరు రత్నం, వయసు నలభై ఏడు, రైల్వే ఆఫీసులో గుమస్తా. పక్కన ఆయన భార్య ఎస్తేరు.

రుమాలు తీసి చూశాను. నల్లగుడ్డు అంచున సన్నటి గీత, కొద్దిగా రక్తం, అంతే. కొత్తగా చేరిన నర్సులు ఇలాంటి కంటిని చూసి చిన్న దెబ్బే అనుకుంటారు. నాకు అప్పటికి కంటి వార్డులో పద్నాలుగేళ్లు. అందుకే ముందుగా ఒకటే అడిగాను.

"సుత్తితో దేన్ని కొడుతున్నారు?"

"స్ప్రింగు బోల్టు, సిస్టర్. తుప్పు పట్టి కదలడం లేదు. కారు కింద పడుకుని ఉలి పెట్టి కొట్టాను."

"ఏ కారు అని అడగండి, సిస్టర్ గారూ," అంది ఎస్తేరు. "ఇటలీ నుంచి వచ్చిన నా సవతి. ఆరేళ్లుగా మా పెరట్లోనే కాపురం."

ఆయన ఒంటి కన్నుతోనే నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇనుము మీద ఇనుముతో కొట్టినప్పుడు ఉలి తల నుంచి చిన్న పెచ్చు లేస్తుంది. అది కంట్లో దూరితే బయట గాయం సన్నగానే ఉంటుంది, నష్టమంతా లోపల జరుగుతుంది. ఎక్స్‌రేలో ఆవగింజలో సగం కూడా లేని ముక్క కంటి వెనక గోడ దగ్గర కనిపించింది. ఆ రాత్రే డాక్టరుగారు అయస్కాంతంతో దాన్ని బయటికి లాగి కుట్లు వేశారు. అప్పటికే కంటి లోపలి పొరలు చిరిగిపోయాయి.

శుక్రవారం, 14వ తేదీన డాక్టరుగారు పర్‌సెప్షన్ ఆఫ్ లైట్ చూశారు. చీకటి గదిలో టార్చి వెలుగు పడితే రోగికి తెలుస్తుందా లేదా అని చూసే పరీక్ష అది. రత్నం గారి కుడి కన్నును నేను అరచేత్తో మూసి పట్టుకున్నాను.

"వెలుగు ఎటు నుంచి వస్తోంది?"

"పైనుంచి, డాక్టరుగారూ. ఇప్పుడు పక్కనుంచి. బాగానే తెలుస్తోంది."

డాక్టరుగారు టార్చి వెలిగించనే లేదు. చూపు పోయిన కంట్లో లోపలి నరాలు రేగి, మెరుపుల్లాంటివి కనిపిస్తాయి. చాలామంది దాన్ని చూపు తిరిగి రావడం అనుకుంటారు. డాక్టరుగారు ఆరిపోయి ఉన్న టార్చిని ఆయన చేతిలో పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆ కంటికి చూపు రాదు. ఎన్యూక్లియేషన్ చేయాలి, అంటే కనుగుడ్డును పూర్తిగా తీసేయాలి. దెబ్బ తగిలిన రెండు వారాల లోపు, అంటే 23వ తేదీ లోపు చేస్తే మంచిది.

తీసేయడం ఎందుకో కూడా చెప్పారు. గాయంతో లోపలి పొర బయటపడినప్పుడు శరీరం దాన్ని పరాయి పదార్థంగా భావించి దాడికి దిగవచ్చు. అదే పొర మంచి కంట్లోనూ ఉంటుంది కాబట్టి దాడి దాని మీదికీ వెళుతుంది. దీన్ని సింపథెటిక్ ఆఫ్తాల్మియా అంటారు. అందరికీ రాదు, చాలా అరుదు. వస్తే మాత్రం రెండు కళ్లూ పోవచ్చు.

రత్నం గారు అంతా విన్నాడు. తెలివైన మనిషి. "అరుదు అన్నారు కదా," అన్నాడు. చేతిలో టార్చిని తిప్పి చూస్తూ, "దొరకని పార్టును పారేయకూడదు, డాక్టరుగారూ," అన్నాడు.

మర్నాడు, డాక్టరు సలహాకు విరుద్ధంగా ఇంటికి వెళుతున్నానని సంతకం పెట్టాడు. మా వార్డు ఆయా పోచమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏంది సారూ, గిట్ల జేస్తున్నవ్? పెద్దడాక్టరు చెప్పినంక సుత ఇంటికి పోతవా? ఒకటి పోతే ఒకటన్న మిగుల్తది గద!"

"నీ నోరు మా ఎస్తేరుకు అరువిస్తావా, పోచమ్మా?" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

నాది మల్కాజ్‌గిరి. 19వ తేదీ, బుధవారం డ్యూటీ దిగి, దారిలో మెట్టుగూడలో వాళ్లింటికి వెళ్లాను. వసారాలో కారు వెనక సీటు వేసి ఉంది, నన్ను దాని మీదే కూర్చోబెట్టారు. పెరట్లో రేకుల కింద కారు, చక్రాలు లేకుండా ఇటుకల మీద ఉంది. ఆ మోడల్ ఇక్కడ ఎన్నడూ తయారు కాలేదు. ఏ భాగం విరిగినా కొత్తది దొరకదు. విరిగినదాన్నే అతికించాలి, అరిగినదాన్నే నింపాలి. ఆ ఇంట్లో ఒక్క మేకు కూడా బయటికి పోయేది కాదని ఎస్తేరు చెప్పింది.

ఆయన ఒక తలుపు హ్యాండిల్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మూడు ముక్కలైంది, సిస్టర్. చూసిన ప్రతివాడూ పారేయమన్నాడు. నాలుగుసార్లు అతికించాను. అతుకు ఎక్కడుందో చెప్పండి."

నాకు కనిపించలేదు. ఆ మాటే చెప్పాను. తర్వాత ఇంకోటి కూడా అన్నాను. "హ్యాండిల్ ఎంత చెడినా పక్క తలుపు హ్యాండిల్‌ను తినదు, రత్నం గారూ. కన్ను తింటుంది."

ఆయన నవ్వలేదు. "వెలుగు పెరుగుతోంది, సిస్టర్. నిన్నటికంటే ఇవాళ ఎక్కువ. ఆదివారం దాకా చూస్తాను."

"ఆ వెలుగు అబద్ధమని మీ చేతికే టార్చి ఇచ్చారు కదండీ!" అంది ఎస్తేరు. "నా మాట వద్దు, ప్రార్థనలో అడగండి, ఆయనైనా చెబుతాడు."

"అడుగుతూనే ఉన్నాను, ఎస్తేరూ. కన్ను ఉంచమని."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. వంటగదిలో గిన్నె కింద పడ్డ చప్పుడైంది.

ఆదివారం ఆయన రాలేదు. సోమవారం ఎస్తేరు ఒక్కతే వచ్చింది. కన్ను ఎరుపు తగ్గిందట, నొప్పి పోయిందట, మళ్లీ కారు కిందికి దూరుతున్నాడట. నొప్పి తగ్గినంత మాత్రాన మంచి కంటికి ప్రమాదం తప్పినట్టు కాదని ఆమెకు చెప్పాను. "నాకు చెప్పి లాభమేంటి, సిస్టర్ గారూ, ఆ కన్ను నాది కాదు కదా," అంది.

మే 12, శుక్రవారం ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి రుమాలు కుడి కంటి మీద ఉంది.

"ఎండ గుచ్చుతోంది, సిస్టర్. కారు గేజ్ మీద అంకెలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి."

డాక్టరుగారు స్లిట్ ల్యాంప్ దగ్గర కూర్చోబెట్టారు. సన్నటి వెలుగు గీతతో కంటి లోపలి భాగాన్ని పెద్దదిగా చూపే పరికరం అది. చాలాసేపు చూశారు.

"ఎన్నాళ్లయింది?"

"ఐదారు రోజులు. ఎడమది తీసేయండి, డాక్టరుగారూ. ఇవాళే తీసేయండి."

దాడి మొదలయ్యాక ఎడమది తీసినా కుడిదానికి పెద్దగా మేలు జరగదని డాక్టరుగారికి తెలుసు, నాకు తెలుసు. రత్నం గారి ముఖం చూస్తే ఆయనకూ తెలిసిందని అర్థమైంది. ఎస్తేరు ఆయన చొక్కా గుండీ ఊడి ఉంటే పెట్టింది.

ఆ దాడిని అణచడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, మాత్రలు ఇచ్చాం. ముఖం ఉబ్బింది, షుగర్ వచ్చింది. జూన్‌లో కొంత చూపు తిరిగి వచ్చి, భార్య చీర రంగు చెప్పాడు. జులైలో అదీ పోయింది.

ఆ తర్వాత నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఒక పద్ధతి మార్చుకున్నాను. ఇలాంటి కేసు వస్తే, తీసేయవలసిన కంటి గురించి మొదట మాట్లాడేదాన్ని కాదు. మనిషిని మంచం మీద కూర్చోబెట్టి, మంచి కన్నును నా అరచేత్తో మూసి, ఐదు నిమిషాలు అలాగే ఉంచేదాన్ని. "మంచినీళ్ల గ్లాసు ఎక్కడుందో తీసుకోండి," అనేదాన్ని. చేయి గాలిలో వెతికాక, "మనం మాట్లాడుతున్నది ఈ కన్ను గురించి," అని చెప్పేదాన్ని. రత్నం గారి కుడి కన్నునూ అదే చేత్తో మూశాను, అయితే అది పరీక్ష కోసం, ఒక నిమిషం పాటే. ఈ పద్ధతి తర్వాత కూడా ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, కానీ తక్కువ మంది.

పోయినవి ఇవి. ఎడమ కన్ను, మే 15న తీసేశాం. కుడి కన్ను, నవంబరుకు పగలూ రాత్రీ తేడా మాత్రమే మిగిలింది. ఇంకా పదకొండేళ్లు చేయవలసిన ఉద్యోగం. ఆరేళ్ల ఆదివారాలు. కారు ఒక్కసారి కూడా రోడ్డెక్కలేదు. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి దాన్ని పెరట్లోనే ముక్కలు చేసి తీసుకెళ్లారు. వాళ్లకు ఒక పూట పట్టింది.